టీసీ తీసుకోని పిల్లలు

పోయిన సోమవారం పదిన్నర వేళ కలెక్టరేట్లో గ్రీవెన్స్ లైన్లో టోకెన్ పట్టుకుని కూర్చుని ఉండగా ఫోను మోగింది. టీచరమ్మ చెల్లెలు. "అక్క పోయింది నాయనా. ఇందాకే టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లాగే గోడకి వాలిపోయింది," అంది. నా టోకెను నలభై ఏడు. అప్పుడు పిలుస్తున్నది ముప్పై తొమ్మిది. ఒళ్ళో ఉన్న అర్జీ ముందు రోజు సాయంత్రం టీచరమ్మ దగ్గరుండి రాయించిందే. పత్తి జిన్నింగు మిల్లు షెడ్లలో నూటికి పైగా మనుషులు ఉంటే కుళాయి ఒక్కటే ఉంది, ఇంకోటి వేయించమని.

లేచి వెళ్దామా, ఉందామా అని ఒక నిమిషం తేల్చుకోలేకపోయాను. చివరికి ఉన్నాను. "ముద్ర పడని కాగితం కాగితమే కాదురా" అనేవారు ఆవిడ. నా వంతు వచ్చాక అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద 'అందింది' అని ముద్ర వేయించుకుని, అప్పుడు బస్టాండుకి నడిచాను. బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది, ఈ కాపీ ఇప్పుడు ఎవరికి చూపించాలి? ఏడుపొచ్చింది. పక్కనాయన ఏమైందండీ అంటే మిరపకాయల ఘాటు అన్నాను. గుంటూరు బస్సులో ఆ మాట అంటే ఎవరూ మళ్ళీ అడగరు.

మా ఊళ్ళో టీచర్లు చాలామందే ఉన్నారు. పేరు చెప్పకుండా టీచరమ్మ అంటే మాత్రం చర్చి వెనక వీధిలో ఉండే ఆవిడ ఒక్కరే. మిషను స్కూల్లో నాకు మూడో తరగతి చెప్పారు. యాభై దాటిన నన్ను ఇప్పటికీ బస్టాండు సెంటర్లో "ఒరేయ్" అని పిలిచేది ఆవిడ ఒక్కరే. ఇక ఆ పిలుపు లేదు.

ఆ మూడో తరగతిలోదే ఒక సంగతి చెప్పాలి. మిరపకోతల కాలం వస్తే మా క్లాసులో సగం బెంచీలు ఖాళీ అయ్యేవి. అమ్మానాన్నల వెంట పిల్లలు కూడా చేలకి పోయేవాళ్ళు. మిగతా టీచర్లు పది రోజులు చూసి ఎర్ర గీత కొట్టేసేవారు. ఈవిడ కొట్టేవారు కాదు. రోజూ ఆ పేర్లు పిలిచేవారు, ఒక్క క్షణం ఆగేవారు, తర్వాతి పేరుకి పోయేవారు. మాకు నవ్వులాట. "లేరు కదండీ టీచర్" అంటే, "టీసీ తీసుకున్నారా? టీసీ తీసుకోని పిల్లాడు నా పిల్లాడే. కొట్టెయ్యడానికి నాకు అధికారం లేదు" అనేవారు. ఒకరోజు అట్లా పిలుస్తుంటే గుమ్మంలోంచి "ప్రెజెంట్ టీచర్" అని వినిపించింది. మూడు నెలలు లేని పిల్ల. వేళ్ళు మిరప మంటకి ఉబ్బిపోయి ఉన్నాయి. నిన్న కూడా వచ్చినట్టే వచ్చి కూర్చుంది. టీచరమ్మ తల ఎత్తకుండా టిక్కు పెట్టి తర్వాతి పేరు పిలిచారు.

రిటైరయ్యాక ఆవిడ ఇంట్లో కూర్చోలేదు. రైల్వే గేటు దాటాక ఉన్న జిన్నింగు మిల్లులోనూ, పక్కన కోల్డ్ స్టోరేజీల్లోనూ బెంగాల్ నుంచీ ఒడిశా నుంచీ కాంట్రాక్టరు తెచ్చిన మనుషులు ఉంటారు. వాళ్ళకోసం ఒక సంఘం పెట్టారు. సంఘం పేరు ఎంత పొడుగంటే, బోర్డు రాసిన పెయింటరు చివరి రెండు మాటలూ కింద లైన్లో ఇరికించాడు. సభ్యులం తొమ్మిదిమంది. మీటింగుకి వచ్చేది నలుగురు. ఆవిడ అధ్యక్షురాలు, నేను కార్యదర్శిని. బస్టాండు ఎదురుగా నాకు జిరాక్సు షాపు ఉంది, కార్యదర్శిని అవడానికి అంతకు మించిన అర్హత ఏమీ లేదు.

ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది ఎంత విసుగో. పెద్ద ఊరి నుంచి సంస్థల వాళ్ళు వస్తారు, ఫ్లెక్సీ కడతారు, బ్యాగూ పెన్నూ ఇస్తారు, 'సామరస్యం' మీద రెండు గంటలు మాట్లాడి భోజనాలయ్యాక కారెక్కుతారు. ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి షెడ్లకి వచ్చాడు. చేతులు కలిపాడు, టీ తెప్పించుకున్నాడు. రెండు గుక్కలు తాగాక పక్కనున్నవాణ్ణి అడిగాడు. "వీళ్ళ ఓట్లు ఇక్కడేనా?" "కాదండీ, వాళ్ళ ఊళ్ళల్లోనే." గ్లాసు సగంలో పెట్టేసి లేచాడు. టీచరమ్మ ఆ గ్లాసు చేతిలోకి తీసుకుని, "బాబూ, టీ మిగిలిపోయింది" అని వెనకాలే జీపు దాకా నడిచారు. నాకు నవ్వాగలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

బయటివాళ్ళు వద్దనే మా ఊరివాళ్ళ బాధ కూడా అబద్ధం కాదు. పూర్వం మిల్లులో బేళ్ళు ఎత్తిందీ, లారీలు నింపిందీ మా ఊరి ముఠాలే. పదీ పన్నెండుమంది హమాలీలు జట్టు కట్టి పని పట్టేవారు. మా మామగారిదీ ఒక ముఠా. బయటివాళ్ళు వచ్చాక మిల్లు వీళ్ళని పిలవడం మానేసింది. చేతులు ఊరికే ఉండటం అలవాటు లేక మామ పొద్దస్తమానం వాకిట్లో కూర్చుని తాడు పేనేవారు. ఎవరికీ అక్కర్లేని తాడు. టీచరమ్మ ముఠా వాళ్ళ దగ్గరికీ వెళ్ళి అడిగారు.

"మిమ్మల్ని పనిలోంచి తీసేసింది వాళ్ళా, మిల్లాయనా?"

"మిల్లాయన్ని ఏమంటాం టీచరమ్మా! రేపు మళ్ళీ ఆయన గేటు కాడికేగా పోవాల్సింది మేము," అన్నారు మామ.

"అందుకని అడ్డం తిరగలేనోడి మీద పడతారా?"

"మరి మాకెవురు అడ్డం పడ్డారంట?"

తిరిగి వస్తూ రైల్వే గేటు దాకా వచ్చాక ఆవిడ నాతో అన్నారు. "మా అమ్మ దర్శి అవతల నుంచి వచ్చిందిరా, నన్ను చంకన పెట్టుకుని, మిరపకోతలకి. ఇక్కడోళ్ళు మమ్మల్ని పడమటోళ్ళు అన్నారు. బావిలో చేద వెయ్యనివ్వలేదు. ఆ బావి ఇప్పుడేదిరా, చూపించు? పూడ్చేసి టవరు పెట్టారు." రెండడుగులు వేసి, "అయినా మీ మామ అడిగింది న్యాయమే," అన్నారు.

రెండేళ్ళ కిందట కూర్చుని ఒక జాబితా రాశారు. ఆ పని నెల పట్టింది. ప్రతి షెడ్డుకీ వెళ్ళి, ప్రతి మనిషినీ "నీ పేరు నువ్వే చెప్పు, నేను సరిగ్గా పలికే దాకా చెప్పు" అని కూర్చోబెట్టి, తన గుండ్రటి చేతిరాతతో రాసుకున్నారు. పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఏ షెడ్డు, ఏ కార్డు ఉంది, ఏది లేదు. రేషను ఇప్పించడానికీ, ఎవరికైనా ఏదైనా అయితే ఇంటికి కబురు చెయ్యడానికీ. నా షాపులో కాపీలు తీశాం. ఒకటి ఆఫీసుకి, ఒకటి ముద్ర వేయించి మా దగ్గర పెట్టుకోవడానికి. ఎవరు ఏది తెచ్చినా ఒకటి ఎక్కువ తీసి కౌంటరు కింద పెట్టుకోవడం నాకు అలవాటు. జనం కాగితాలు పోగొట్టుకుని మళ్ళీ వస్తారు, అప్పుడు పనికొస్తుందని. అట్లా మూడోది తీశాను.

ఇక్కడి నుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు. రాయకపోతే ఈ స్మృతి అబద్ధమవుతుంది.

అప్పటికి ఊళ్ళో 'స్థానికులకే పని' అని కుర్రాళ్ళు ఒక కమిటీ పెట్టారు. మొదట పని గురించే మాట్లాడారు. తర్వాత ఎవరు నేర్పారో ఏమో, బెంగాలీ మాట్లాడేవాళ్ళంతా దొంగతనంగా సరిహద్దు దాటి వచ్చిన పరాయి దేశం వాళ్ళే అనడం మొదలైంది. అది ఫోన్లలో తిరిగింది, టీకొట్ల దగ్గర తిరిగింది. మేం ముస్లిములం. మా తాత ఈ ఊళ్ళోనే దూది ఏకి బతికాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, తిట్టుకునేది తెలుగు. అయినా ఆ నెలలో నా షాపుకి రోజూ వచ్చే మనిషి ఒకడు కాగితం అందుకుంటూ, "మీ వాళ్ళు మిల్లులో చాలామందే దిగారుగా భాయ్" అన్నాడు. ఏనాడూ నన్ను భాయ్ అనలేదు వాడు. పేరు పెట్టి పిలిచేవాడు. ఆ మాట నాకు వారం రోజులు గుచ్చుకుంది.

అట్లాంటప్పుడు ఒక మధ్యాహ్నం మా బావమరిది వచ్చాడు. తాడు పేనే మామగారి కొడుకు. వాడూ ముస్లిమే, కానీ తండ్రి పని పోయిన కోపంలో ఆ కమిటీలో చేరాడు.

"బావా, టీచరమ్మ రాసిన లిస్టు నీ కాడుందంటగా. మేం కూడా షెడ్లలో హెల్త్ క్యాంపు పెడుతున్నాం. ఒక కాపీ ఇయ్యి."

"హెల్త్ క్యాంపా? మీరా?"

"ఏం, మేం మనుషులం కామా? నువ్వు మాలో వాడివా, వాళ్ళలో వాడివా బావా?"

నమ్మానని చెప్పను. నమ్మి ఉంటే ఇన్నాళ్ళు నిద్ర పట్టేది. నేను వాళ్ళలో వాణ్ణి కానని రుజువు చేసుకోవాలనిపించింది, అంతే. కౌంటరు కింద నుంచి ఆ మూడో కాపీ తీసి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని, "ఇదీ బావంటే" అని భుజం తట్టాడు. ఆ పూటకి ప్రాణం తేలికపడింది కూడా. ఎంత సిగ్గుమాలిన మాట అనుకుంటారేమో, అనుకోండి.

వారం తిరక్కుండానే జనం షెడ్ల మీదికి పోయారు. చేతిలో ఆ కాగితం ఉంది. సరిహద్దు దగ్గరి జిల్లాల పేర్లున్న చోట ఎర్ర పెన్నుతో గీతలు గీశారు. పదకొండుమంది. అందులో రఫీకుల్ ఉన్నాడు, మతీన్ ఉన్నాడు. తపన్, సుకుమార్ లాంటి హిందువులూ ఉన్నారు. ఆ కాగితం చదివినవాళ్ళకి పేర్లతో పనిలేదు, జిల్లాతోనే పని. విచారణ అని పోలీసులు తీసుకెళ్ళి మూడు రోజులు ఒక కల్యాణమండపంలో ఉంచారు. అందరి కాగితాలూ సరిగ్గానే ఉన్నాయి. వదిలేశారు. కానీ ఈలోపు మిల్లాయన "నాకెందుకు ఈ తలనొప్పి" అని వాళ్ళని పనిలోంచి తీసేశాడు. నాలుగో రోజు రైలెక్కించారు. తపన్ చెప్పులు లేకుండా ఎక్కాడు. టీచరమ్మ ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీ కిటికీకీ తిరుగుతూ "నేను ఫోన్ చేస్తాను, చేస్తాను" అంటూనే ఉన్నారు.

ఆ పదకొండుమంది చోట్లోకి మా ముఠాలు వచ్చాయా అంటే, రాలేదు. నెలలోపు కాంట్రాక్టరు బీహారు నుంచి ఇంకో జట్టుని దింపాడు. మామ ఇంకా తాడు పేనుతూనే ఉన్నారు.

తర్వాత చర్చి హాల్లో మా సంఘం మీటింగు. ఎన్నడూ రాని ఐదుగురూ వచ్చారు. మన కాగితం బయటికెట్లా పోయింది అని అందరూ ఒకటే అరుపులు. నేను తల వంచుకుని మినిట్సు పుస్తకంలో తేదీ రాస్తూ కూర్చున్నాను. టీచరమ్మ కుర్చీలోంచి లేవకుండా అన్నారు, "రాసింది నేను. చేతిరాత నాది. పోయింది నా దగ్గర నుంచే. ఇంకెవర్నీ అడక్కండి." ఒకాయన కోపంగా రాజీనామా రాసిచ్చి వెళ్ళాడు. ఇద్దరు ఆవిడతో మాట్లాడటం మానేశారు. చర్చిలో కూడా చాటుగా అనుకున్నారు, పెద్దావిడ మతిమరుపుతో ఎంత పని చేసిందో చూడమని. అదీ ఆవిడ చెవిన పడింది.

ఆ రోజు హాలు తలుపు వేస్తూ ఒక్క మాట అడిగారు నన్ను.

"ఒరేయ్, మూడో కాపీ తీశావా?"

"చించేశానండి," అన్నాను.

నా మొహంలోకి చూశారు. మూడో తరగతిలో హోంవర్కు ఇంట్లో మర్చిపోయానంటే చూసిన చూపే. "సరే" అన్నారు. అంతే. ఆ తర్వాత రెండేళ్ళలో ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పేర్లు కాగితం మీద పెట్టడం మాత్రం ఆ రోజుతో మానేశారు. డెబ్భై దాటిన మనిషి అందరి పేర్లూ కంఠతా పట్టారు. ఆదివారం సాయంత్రం ఐదింటికి మిల్లు గేటు పక్క టీకొట్టు దగ్గర స్టూలు వేసుకుని హాజరు పిలిచేవారు. పేరు పిలవగానే ఒక్కొక్కరూ "ప్రెజెంట్ మేడం" అనేవాళ్ళు. తలల నిండా దూది. జ్వరమా, చేతికి కట్టేమిటి, ఇంటికి ఫోన్ చేశావా, ఒక్కొక్కరికీ ఒక్కో ప్రశ్న. మనిషి కనపడకపోతే ఏమయ్యాడో తెలిసే దాకా కదిలేవారు కాదు. మిల్లు యంత్రంలో చెయ్యి నలిగిన ఒకతన్ని కాంట్రాక్టరు గదిలో దాచిపెడితే అట్లాగే పట్టుకుని గుంటూరు ఆసుపత్రిలో చేర్పించారు.

అయితే హాజరు మొదలయ్యేది ఆ పదకొండు పేర్లతో. రఫీకుల్. ఆగేవారు. తపన్. ఆగేవారు. మతీన్. ఊపిరి తీసి వదిలేంత సేపు, ప్రతి పేరుకీ. మొదటి ఆదివారం సూపర్వైజరు "వాళ్ళు లేరుగా మేడంగారూ" అన్నాడు. "టీసీ ఇచ్చానా నేను?" అన్నారు. వాడికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ పదకొండు ఖాళీలనీ ఆవిడ పక్కనే నిలబడి ప్రతి ఆదివారం విన్నాను. అన్నిటికన్నా చివర్న నావైపు తిరిగి, "ఏరా, నువ్వున్నావా?" అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు. "ఉన్నానండీ" అనేవాణ్ణి. నన్ను ఆటపట్టిస్తున్నారని వాళ్ళనుకునేవాళ్ళు. ప్రతివారం నాకొక అవకాశం ఇస్తున్నారని నాకు తెలుసు. ప్రతివారం వదిలేశాను. వచ్చేవారం చెబుదాంలే అనుకున్నాను. ఆవిడకి అన్ని ఆదివారాలు ఉంటాయనుకున్నాను.

మంగళవారం సమాధి చేశాం. మిల్లు వాళ్ళు మధ్యాహ్నం షిఫ్టు వదిలి దూది తలలతోనే వచ్చారు. మా మామగారు కూడా వచ్చారు, పెట్టె దించడానికి తాళ్ళు తెచ్చారు. ఇన్నాళ్ళూ వాకిట్లో కూర్చుని పేనిన తాళ్ళు. పెట్టెకి ఒక పక్క మా ముఠా వాళ్ళు పట్టారు, ఇంకో పక్క ఒడిశా వాళ్ళు. ఒకరి మాట ఒకరికి రాదు. "నెమ్మది, నెమ్మది" అని మామ అంటుంటే వాళ్ళు సరిగ్గా అంతే నెమ్మదిగా వదిలారు. అది చూడాల్సిన మనిషి చూడలేదు.

నిన్న ఆదివారం. ఐదింటికి గేటు దగ్గరికి వెళ్ళాను. ఎవరూ చెప్పకుండానే అందరూ వచ్చి ఉన్నారు. టీకొట్టాయన స్టూలు తెచ్చి ఎప్పటి చోట పెట్టాడు. కూర్చోలేక పక్కన నిలబడ్డాను. పేర్లు నాకూ వచ్చేశాయి, విని విని. రఫీకుల్ అన్నాను. ఆగాను. తపన్. మతీన్. సుకుమార్. పదకొండూ అయ్యాయి. నాకొచ్చిన ముక్కల హిందీలో చెప్పాను. "ఆ లిస్టు బయటికి ఇచ్చింది మేడం కాదు. నేను. తెలిసే ఇచ్చాను."

జాబితా రాసిన నెలలో ఇంటికి పోయి ఉండబట్టి అందులో పడని రఫీకుల్ పినతండ్రి కొడుకు ఒకడు ఇంకా ఇక్కడే పని చేస్తున్నాడు, నూరుల్. చేతిలో టీ కింద పారబోసి, నావైపు చూడకుండా షెడ్డులోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి ముందు వరసలో ఉన్న ఒడిశా పెద్దాయన తన పేరు పిలవమన్నట్టు తల ఊపాడు. పిలిచాను. "ప్రెజెంట్" అన్నాడు. తర్వాతి పేరు. ఆ తర్వాతిది. నూరుల్ పేరు వచ్చింది. పిలిచాను, ఊపిరి తీసి వదిలేంత సేపు ఆగాను. వచ్చేవారం కూడా పిలుస్తాను.

చివరి పేరు అయిపోయింది. అయినా ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత ఆవిడ నన్ను అడిగే మాట ఒకటి మిగిలి ఉందని అందరికీ తెలుసు. అందరూ స్టూలు వైపే చూస్తున్నారు. మిల్లులోంచి దూది ఎగిరొచ్చి దానిమీద వాలుతోంది.

"ఉన్నానండీ," అన్నాను.